యంత్రం తరాలు మారుతున్నవి: ఆదా అయిన కాలం ఎవరిది?

కంప్యూటరు అనే మాట నేడు ఒక యంత్రానికి పేరు. ఒకనాడు అది ఒక ఉద్యోగానికి పేరు. కూర్చొని లెక్కలు కట్టి జీతం పుచ్చుకొనే గుమాస్తానే ఆంగ్లంలో కంప్యూటరు అని పిలిచేవారు. మన దేశంలో సర్వే శాఖలో 1831లో ఆ హోదాతోనే చేరిన రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ యువకుడు, హిమాలయాలలో పదిహేనవ నంబరు శిఖరం ప్రపంచంలోకెల్ల ఎత్తయినదని 1852లో లెక్క తేల్చాడు. ఆ శిఖరానికి మాత్రం అంతకు ముందే పదవీ విరమణ చేసి వెళ్ళిన ఎవరెస్టు దొరగారి పేరు పెట్టారు. లెక్క కట్టినవాడు ఒకడు, పేరు పొందినవాడు మరొకడు. శ్రామికవర్గానికి ఇది కొత్త అనుభవం కాదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం ఫిరంగిగుండ్ల గమనాన్ని లెక్కగట్టడానికి వందమందికి పైగా యువతులను కంప్యూటర్లుగా నియమించింది. ఒక్కొక్క గుండు గమనాన్ని చేతి యంత్రంతో లెక్కించడానికి ఒక మనిషికి సుమారు 20 గంటలు పట్టేది. 1946లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ప్రదర్శించబడిన ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ యంత్రం అదే లెక్కను 30 సెకండ్లలో ముగించింది. ఆ యంత్రాన్ని నడిపే క్రమాన్ని రూపొందించిన ఆరుగురూ ఆ యువతులలోని వారే. పని యంత్రానికి పోయింది. పనితో పాటు పేరు కూడా యంత్రానికే పోయింది.

20 గంటలు 30 సెకండ్లుగా మారినప్పుడు మిగిలిన కాలం ఎవరికి చెందినది? కంప్యూటరు చరిత్రను చెప్పే పాఠ్యగ్రంథాలు ఈ ప్రశ్న వేయవు. అవి యంత్రంలోని భాగాలనుబట్టి తరాలు లెక్కపెడతాయి. వాల్వు మొదటి తరం, ట్రాన్సిస్టరు రెండవది, చిప్పు మూడవది, మైక్రోప్రాసెసరు నాల్గవది అని అవి బోధిస్తాయి. ఆ లెక్క తప్పని మేము అనము. కాని కార్మికోద్యమం దాని పక్కన మరొక లెక్క వ్రాసుకోవలసి ఉన్నది. ప్రతి తరంలోనూ ఆదా అయిన కాలం ఎవరి ఖాతాలో జమ అయినదన్నదే ఆ లెక్క. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ నేడు కృత్రిమ మేధ యంత్రాలకు స్థావరం కాబోతున్నది. కనుక ఇక్కడి కార్మికులకు ఈ లెక్క చూసుకోవడం తక్షణావసరం.

యంత్రం గది మారిన క్రమం

మొదటి తరం యంత్రాలు వాల్వులతో పనిచేసేవి. పాత రేడియోలలో ఎర్రగా వెలుగుతూ ఉండిన గాజు గొట్టాలే అవి. ఎనియాక్‌లో సుమారు 18 వేల వాల్వులుండేవి. దాని బరువు 30 టన్నులు. మన దేశానికి తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటరు 1955లో బ్రిటన్ నుండి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చింది. మహలనోబిస్ నాయకత్వాన ఆ సంస్థ పంచవర్ష ప్రణాళికల లెక్కలలో నిమగ్నమై ఉన్న కాలమది. కొద్ది సంవత్సరాలకే సోవియట్ యూనియన్ నుండి ఉరాల్ యంత్రం కూడా అక్కడికి చేరింది. 1960లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో, ఆర్. నరసింహన్ నాయకత్వాన మన యువ శాస్త్రజ్ఞులు స్వయంగా నిర్మించిన టిఫ్రాక్ పని ప్రారంభించింది. అందులో వాల్వులు 2,700. మన దేశంలో ఆ తరం యంత్రాలు ప్రయోగశాలల గడప దాటలేదు. ఏ కార్యాలయ ఉద్యోగి కుర్చీకీ వాటివల్ల ముప్పు కలగలేదు.

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టడంతో కథ మారింది. ట్రాన్సిస్టరు చిన్నది, చౌకైనది, తొందరగా కాలిపోనిది. దానితో తయారైన రెండవ తరం యంత్రాలు వ్యాపార సంస్థల ప్రధాన కార్యాలయాలలో ప్రవేశించాయి. 1959లో ఐ.బి.ఎం. కంపెనీ ప్రకటించిన 1401 నమూనా వాటిలో ముఖ్యమైనది. 1961లో బొంబాయిలోని ఎస్సో చమురు సంస్థకు అది వచ్చింది. ఆ దశకంలోనే జోనల్ రైల్వేల ప్రధాన కార్యాలయాలకు కూడా చేరింది. జీతాల పట్టీలు, సరకు నిల్వల లెక్కలు, టిక్కెట్ల ఆదాయపు లెక్కలు దానికి అప్పగించబడినవి. ఈ యంత్రాలను ఐ.బి.ఎం. నెలవారీ అద్దెకు ఇచ్చేది. ఇతర దేశాలలో వాడుక ముగిసిన యంత్రాలను బాగుచేసి మన దేశంలో అద్దెకు తిప్పి లాభాలు గడిస్తున్నదనే విమర్శ ఆ కంపెనీపై వచ్చింది. విదేశీ వాటాను తగ్గించుకోవాలన్న మన చట్టానికి లోబడటానికి నిరాకరించి 1978లో అది దేశం విడిచి వెళ్ళింది. ఆ యంత్రాల మరమ్మతు బాధ్యతను 1975లో స్థాపించబడిన ప్రభుత్వరంగ సంస్థ సి.ఎం.సి. స్వీకరించింది. అంతకు ముందే, 1967లో, డాక్టర్ ఎ.ఎస్. రావు సారథ్యాన హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడినది. 1969లో అక్కడి కార్మికులు, ఇంజనీర్లు టి.డి.సి.–12 కంప్యూటరును నిర్మించి చూపారు. ప్రభుత్వరంగం చేతకానిదని పలికేవారు ఈ తేదీలను గుర్తుంచుకోవాలి.

1958, 1959 సంవత్సరాలలో జాక్ కిల్బీ, రాబర్ట్ నాయిస్ వేర్వేరుగా రూపొందించిన చిప్పు మూడవ తరానికి నాంది పలికింది. అనేక ట్రాన్సిస్టర్లను ఒకే పలుకుపై అమర్చే విధానమది. 1971లో ఇంటెల్ కంపెనీ యంత్రపు మెదడునంతటినీ ఒక్క పలుకులో ఇమిడ్చింది. 2,300 ట్రాన్సిస్టర్లున్న ఆ మైక్రోప్రాసెసరుతో నాల్గవ తరం ప్రారంభమైంది. నేడు జేబులోని ఫోనులో ఉండే పలుకులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లున్నవి. 1981లో ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసింది. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటరు విధానం ప్రకటించి దిగుమతుల తలుపులు తెరిచింది.

ఈ క్రమంలో యంత్రం చోటు ఎట్లా మారినదో గమనించండి. మొదట అది ప్రయోగశాలలో ఉన్నది. తరువాత ప్రధాన కార్యాలయంలో చల్లబరచిన హాలులోకి వచ్చింది. ఆపైన గుమాస్తా బల్లమీదికి వచ్చింది. చివరకు ఖాతాదారుని, ప్రయాణికుని అరచేతిలోకి వెళ్ళింది. గుమాస్తా చేసిన పనిని ఇప్పుడు ప్రయాణికుడే తన ఫోనుమీద, తన ఖర్చుతో, జీతం లేకుండా చేసుకుంటున్నాడు. పని అంతరించలేదు. దానికి చెల్లించవలసిన వేతనం అంతరించింది.

మరొక విషయం. యంత్రం కొన్ని ఉద్యోగాలను తీసివేసినా కొత్త ఉద్యోగాలను సృష్టిస్తుందని యాజమాన్యాలు ప్రతి తరంలోనూ చెబుతూ వచ్చాయి. అందులో నిజం లేకపోలేదు. రెండవ, మూడవ తరాల యంత్రాలు పంచ్ ఆపరేటరు ఉద్యోగాలను సృష్టించాయి. అట్టకార్డులకు చిల్లులు కొడుతూ వేలాది మంది, వారిలో అనేకులు స్త్రీలు, రోజంతా శ్రమించారు. నాల్గవ తరం రాగానే ఆ కార్డులూ పోయాయి, ఆ ఉద్యోగమూ పోయింది. వారి స్థానంలో డేటా ఎంట్రీ ఆపరేటరు వచ్చాడు. నేడు కాగితాన్ని తానే చదువుకొనే యంత్రం అతని ఎదుట నిలిచి ఉన్నది. యంత్రం తరం పది పదిహేనేళ్ళు. కార్మికుని సర్వీసు ముప్పయి అయిదేళ్ళు. ఈ రెండింటి నడుమ ఉన్న వ్యత్యాసాన్ని ఎవరు భరించాలి? మన సంఘాలు ముందుగా తేల్చవలసిన అంశమిదే.

కార్మికోద్యమం ఏమి కోరింది?

కార్మిక సంఘాలు కంప్యూటర్లను గుడ్డిగా వ్యతిరేకించి ప్రగతికి అడ్డుపడ్డాయని పత్రికలలో తరచు వ్రాస్తున్నారు. చరిత్ర అట్లా లేదు. 1957 జూలైలో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ అవసరాలపై ఆధారపడిన కనీస వేతన సూత్రానికి ప్రసిద్ధమైనది. అదే మహాసభ పరిశ్రమల ఆధునికీకరణపై కూడా ప్రభుత్వం, యజమానులు, కార్మికులు అనే మూడు పక్షాల అంగీకారంతో కొన్ని సూత్రాలు ఆమోదించింది. ఉన్న కార్మికులలో ఎవరినీ తొలగించరాదు, వారి ఆదాయం తగ్గరాదు. ఆధునికీకరణ వల్ల కలిగిన లాభాన్ని సమాజం, యజమాని, కార్మికుడు న్యాయంగా పంచుకోవాలి. పనిభారాన్ని ఉభయపక్షాలు అంగీకరించిన నిపుణులు నిర్ణయించాలి, పని పరిస్థితులు మెరుగుపరచాలి. మన దేశంలో కంప్యూటర్లు వేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే ఉన్ననాడే ఈ మాట అనబడినది. అప్పటినుండి నేటివరకు కార్మికులు అడిగినది ఈ మూడు సూత్రాల అమలునే.

అవి అమలుకానప్పుడే ప్రతిఘటన వచ్చింది. 1960 దశకంలో కలకత్తాలో జీవిత బీమా సంస్థ కంప్యూటరును నెలకొల్పబూనినప్పుడు, ఉద్యోగుల భవితవ్యంపై హామీ లేకపోవడంతో బీమా ఉద్యోగులు ఇలాకో హౌస్ భవనం వద్ద రాత్రింబవళ్ళు కాపలా కాశారు. 1969లో కేంద్ర ప్రభుత్వం ఆటోమేషన్ ప్రశ్నను పరిశీలించడానికి వి.ఎం. దాండేకర్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించవలసి వచ్చింది. 1983 సెప్టెంబరు 8న బ్యాంకు యాజమాన్యాల సంఘం, ఉద్యోగ సంఘాలు యాంత్రీకరణపై ఒప్పందం చేసుకున్నాయి. ఎటువంటి యంత్రాలు, ఏ స్థాయి కార్యాలయాలలో, ఏ షరతులపై ప్రవేశపెట్టవచ్చునో అందులో వ్రాయబడినది. ఆ యంత్రాలపై పనిచేసేవారికి ప్రత్యేక భత్యం లభించింది. 1987లోను, 1993లోను మరల ఒప్పందాలు జరిగాయి. బ్యాంకులలో కంప్యూటర్లు వచ్చాయి. కాని సంతకం తరువాత వచ్చాయి. చెప్పకుండా రాత్రికి రాత్రి వచ్చిన యంత్రానికీ, ఒప్పందం చదివి వచ్చిన యంత్రానికీ గల భేదం కార్మికునికి తెలుసు.

ఆదా అయిన కాలంలో వాటా మాత్రం అంత సులభంగా రాలేదు. బ్యాంకు ఉద్యోగులకు నెలలో రెండవ, నాల్గవ శనివారాలు సెలవు లభించినది 2015లో. అంటే తొలి యాంత్రీకరణ ఒప్పందం జరిగిన 32 ఏళ్ళకు. వారానికి ఐదు పనిదినాల విషయం 2024 మార్చి ఒప్పందంలో చోటు చేసుకున్నది, అదీ ప్రభుత్వ ఆమోదానికి లోబడి. లెడ్జరు పుస్తకంలో గంట పట్టిన పనిని రెప్పపాటులో ముగించే యంత్రం వచ్చిన తరువాత కూడా, ఒక్క శనివారం కోసం ఒక తరం ఉద్యోగులు పోరాడవలసి వచ్చింది.

రైల్వేలో కనిపించే లెక్క

రాయపూర్‌లోని తెలుగు కార్మిక కుటుంబాలలో పెక్కు రైలు పట్టాల వెంట వచ్చినవే. విజయనగరం – రాయపూర్ మార్గం 1931లో పూర్తి అయింది. ఉత్తరాంధ్ర జిల్లాలనుండి బయలుదేరినవారు రాయపూర్, బిలాస్‌పూర్, భిలాయ్‌లలో స్థిరపడి వర్క్‌షాపులలో, యార్డులలో, స్టేషన్లలో, ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి రాయపూర్ డివిజను కేంద్రమైంది. కనుక రైల్వే ఉదాహరణ మనకు దగ్గరిది.

1983లో ఇరవై రెండేళ్ళ వయసులో టిక్కెట్ల కిటికీ వద్ద చేరిన ఒక గుమాస్తాను ఊహించండి. ఆనాడు అతని చేతిలో ఉన్నవి అట్ట టిక్కెట్లు, తేదీ ముద్ర కొట్టే యంత్రం, చేతితో వ్రాసే రిజర్వేషను పుస్తకం. 1985, 1986 సంవత్సరాలలో ఢిల్లీలో సి.ఎం.సి. తయారుచేసిన కంప్యూటరు రిజర్వేషను ప్రారంభమైంది. 1994లో సికింద్రాబాదులో, అన్ని కేంద్రాలను అనుసంధించే కొత్త పద్ధతి తొలిసారి అమలయింది. 1999 నాటికి ప్రాంతీయ కేంద్రాలన్నీ ఒకే వలలో చేరాయి. 2002లో ఇంటర్నెట్ ద్వారా టిక్కెట్ల అమ్మకం మొదలైంది. తరువాత స్టేషనులో ప్రయాణికుడే టిక్కెట్టు తీసుకొనే యంత్రం వచ్చింది. ఆపైన ఫోనులో టిక్కెట్టు వచ్చింది. రిజర్వేషను టిక్కెట్లలో నూటికి ఎనభైకి పైగా నేడు కిటికీతో పనిలేకుండానే కొనబడుతున్నవి. 2021లో ఆ గుమాస్తా పదవీ విరమణ చేసేనాటికి తన ఒక్క సర్వీసులో నాలుగు పనిపద్ధతులు నేర్చుకొన్నాడు, నాలుగింటినీ విడిచిపెట్టాడు. అతని ఖాళీలో కొత్తవాడు వస్తాడన్న హామీ మాత్రం లేదు.

మొత్తం రైల్వేను చూడండి. 1990–91లో రైల్వే ఉద్యోగులు 16 లక్షలకు పైబడి ఉన్నారు. నేడు 12 లక్షల ప్రాంతంలో ఉన్నారు. అదే కాలంలో రైల్వే మోసే సరకు 1990–91లోని సుమారు 32 కోట్ల టన్నులనుండి 2023–24లో 158 కోట్ల టన్నులను మించింది. ఈ మార్పు అంతా కంప్యూటరు వల్లనే జరిగిందని మేము చెప్పడం లేదు. పెద్ద ఇంజన్లు, పొడవైన బండ్లు, విద్యుదీకరణ దీనిలో పాలుపంచుకున్నాయి. శుభ్రపరచే పని, లోడింగు పని, మరమ్మతులు కాంట్రాక్టరుకు అప్పగించి, ఆ కార్మికులను ఉద్యోగుల లెక్కలో చూపకపోవడం కూడా ఇందులో ఉన్నది. అయినను ఒక సత్యం నిలుస్తుంది. తక్కువ మంది శాశ్వత ఉద్యోగులు అయిదు రెట్లు సరకును కదలిస్తున్నప్పుడు వారి పనిగంటలు ఎందుకు తగ్గలేదు? లోకో పైలట్ల విశ్రాంతి ప్రశ్న ఇప్పటికీ ఆందోళనాంశంగా ఎందుకు మిగిలి ఉన్నది?

యంత్రం ఎవరి పక్షాన నిలుస్తుంది?

యంత్రం తనంతట తాను శత్రువు కాదు. ఇందుకు రాయపూర్‌లోనే నిదర్శనమున్నది. ఛత్తీస్‌గఢ్‌లో వరి సేకరణ, రేషను సరఫరా లెక్కలు 2007 ప్రాంతంలో కంప్యూటరీకరించబడినవి. 2012లో రాయపూర్ నగరంలో కోర్ పి.డి.ఎస్. అనే పద్ధతి ప్రారంభమైంది. దాని ప్రకారం రేషను కార్డుదారు ఒకే దుకాణానికి కట్టుబడి ఉండనక్కరలేదు. తనకు నచ్చిన దుకాణంలో బియ్యం తీసుకోవచ్చును. తూకంలో మోసగించే డీలరును విడిచి పక్క వీధికి వెళ్ళే హక్కు పేద గృహిణికి లభించింది. అదే వైర్లు, అదే తెరలు, అదే చిప్పులు; కాని ఇక్కడ ఆ యంత్రం బీదవాని చేతికి బలమిచ్చింది. ఎందుకనగా దానిని రూపొందించినవారు ఎవరి సౌకర్యం ముఖ్యమని ముందుగా నిర్ణయించుకున్నారు.

కాని ఆ సత్ఫలితం వెనుక ఉన్న శ్రామికుని కూడా చూడవలెను. వరి సేకరణ కేంద్రాలలో రైతు పేరు, బస్తాల సంఖ్య, తూకం యంత్రానికి ఎక్కించే ఆపరేటర్లు ఏళ్ళ తరబడి తాత్కాలికులుగానే ఉన్నారు. క్రమబద్ధీకరణ కోసం వారు పలుమార్లు ఆందోళనకు దిగారు. పద్ధతి శాశ్వతమైంది, దానిని నడిపే మనిషి శాశ్వతం కాలేదు.

ఛత్తీస్‌గఢ్ గని కార్మికులు ఈ విషయంలో దేశానికి ఒక పాఠం చెప్పారు. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించే దల్లీ – రాజహరా గనులలో 1977లో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఏర్పడినది. ఆ సంవత్సరం జూన్ మొదటివారంలో జరిగిన పోలీసు కాల్పులలో పదకొండుమంది అమరులైనారు. పూర్తి యాంత్రీకరణను ప్రవేశపెట్టబూనినప్పుడు, శంకర్ గుహా నియోగి నాయకత్వాన ఆ కార్మికులు వద్దు అని మాత్రమే అనలేదు. ఏ పని యంత్రం చేయాలి, ఏ పని మనుషులు చేయాలి, ఏది ఎంత ఖర్చవుతుంది అని లెక్కవేసి పాక్షిక యాంత్రీకరణ అనే ప్రత్యామ్నాయాన్ని యాజమాన్యం ముందుంచారు. అనేక సంవత్సరాలు వేలాది కుటుంబాల జీవనోపాధి దానివల్ల నిలిచింది. 1991 సెప్టెంబరు 28న నియోగిని భిలాయ్‌లో హత్య చేశారు. ఆయన మార్గంతో ఏకీభవించనివారు కూడా ఈ ఒక్కటి గ్రహించవచ్చును: యంత్రం ఆకృతి, పరిమాణం, వేగం దేవుడు నిర్ణయించినవి కావు. అవి బేరమాడదగిన విషయాలు.

ఐదవ తరం, నవ రాయపూర్

1982లో జపాను ప్రభుత్వం ఐదవ తరం కంప్యూటర్ల పేరుతో పదేళ్ళ పథకం ప్రారంభించింది. మనిషివలె తర్కించే యంత్రాలను నిర్మించడం దాని ఉద్దేశం. పదేళ్ళు గడిచాయి, ఆశించిన యంత్రం రాలేదు. నేడు కృత్రిమ మేధ అని పిలువబడుతున్నది వేరొక మార్గాన వచ్చింది. కోట్లాది మంది వ్రాసిన వాక్యాలను, తీసిన చిత్రాలను పోగుచేసి, వాటిలోని పోలికలను మహావేగంతో లెక్కగట్టి సమాధానం అల్లే యంత్రమిది. దానికి చదువు చెప్పడానికి ఇది సరైన సమాధానం, ఇది కాదు, ఇది చెట్టు, ఇది మనిషి అని చిత్రం చిత్రానికీ గుర్తులు పెట్టే శ్రామికులు మన దేశంలోనూ, ఆఫ్రికా దేశాలలోనూ, ఇతరత్రా వేలసంఖ్యలో ఉన్నారు. వారు ముక్కకు ఇంత చొప్పున కూలి పొందుతున్నారు. తొలినాటి కంప్యూటర్లు మనుషులు. ఐదవ తరం యంత్రం గర్భంలోనూ మనుషులే ఉన్నారు, కాని కనబడరు.

2025 మే నెలలో నవ రాయపూర్‌లో, వెయ్యి కోట్ల రూపాయల పెట్టుబడితో నిర్మించదలచిన కృత్రిమ మేధ డేటా సెంటరు పార్కుకు శంకుస్థాపన జరిగింది. దేశంలో ఇటువంటిది ఇదే మొదటిదని ప్రకటించారు. డేటా సెంటరు అనగా యంత్రాలు మాత్రమే నివసించే భవనం. ఒకనాటి చల్లబరచిన హాలు నేడు ఊరంత పెద్దదై తిరిగి వస్తున్నది. దానికి కావలసినవి భూమి, విద్యుత్తు, చల్లబరచే ఏర్పాట్లు. ఇవన్నీ ఛత్తీస్‌గఢ్ ప్రజలవి. ఆ విద్యుత్తులో కోర్బా బొగ్గు కార్మికుని చెమట ఉన్నది. ఈ భవనం రాకూడదని మేము కోరడం లేదు. దీనిలో శాశ్వత ఉద్యోగాలు ఎన్ని, కాంట్రాక్టు ఉద్యోగాలు ఎన్ని, స్థానిక యువకులకు ఏ పనులు, ఎంత విద్యుత్తు, ఎంత నీరు అనే లెక్కలు ప్రజల ముందుంచాలని కోరుతున్నాము. 1401 యంత్రం వచ్చిననాడు దాని హాలు మన కార్యాలయంలోనే ఉండేది. దాని తలుపు వద్ద మనం నిలబడగలిగాము. నేడు రాయపూర్‌లోని యంత్రం వేరొక నగరపు బ్యాంకు గుమాస్తా పనిని తీసుకోవచ్చును. వేరొక దేశపు యంత్రం రాయపూర్ ఆపరేటరు పనిని తీసుకోవచ్చును. తలుపు వద్ద కాపలా ఇక చాలదు. ఒప్పందం యంత్రం ఉన్న చోటుతో గాక, పని పోయే చోటుతో ముడిపడాలి.

చట్టం ఎంతవరకు ఆదుకొంటుంది?

1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఎ సెక్షను ప్రకారం, కార్మికుల తొలగింపుకు దారితీయగల సాంకేతిక మార్పు చేయదలచిన యజమాని 21 రోజులు ముందుగా నోటీసు ఇవ్వవలసి ఉండేది. 2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. మార్పు నోటీసు నిబంధన అందులో 40వ సెక్షనుగా కొనసాగుతున్నది. ఈ ఆయుధాన్ని మన సంఘాలు వినియోగించవలసినంతగా వినియోగించాలి. కాని అదే కోడ్ మరొక తలుపు తెరిచింది. తొలగింపుకు ప్రభుత్వ అనుమతి పొందవలసిన పరిశ్రమల పరిమితిని 100 మంది కార్మికులనుండి 300కు పెంచింది. తొలగించబడిన కార్మికుని పునఃశిక్షణ నిధికి యజమాని చెల్లించవలసినది పదిహేను రోజుల వేతనం. ముప్పయి ఏళ్ళ అనుభవం విలువ కోల్పోయిన మనిషి పదిహేను రోజుల వేతనంతో ఏ కొత్త విద్య నేర్చుకోగలడు?

కనుక రాయపూర్ ప్రాంతంలోని సంఘాలన్నీ, రైల్వే, బ్యాంకు, బీమా, ఉక్కు, బొగ్గు, సహకార రంగాల భేదం లేకుండా, ఈ కోర్కెలను ఉమ్మడిగా ముందుంచాలని మేము సూచిస్తున్నాము.

మొదటిది, యంత్రాన్ని కొనకముందే సంఘంతో చర్చ జరగాలి. కొన్న తరువాత ఇచ్చే నోటీసు సమాచారమే గాని సంప్రదింపు కాదు.

రెండవది, ఎవరినీ తొలగించరాదన్న 1957 నాటి సూత్రం కాంట్రాక్టు కార్మికులకు కూడా వర్తించాలి. శాశ్వత ఉద్యోగిని ఉంచి కాంట్రాక్టు కార్మికుని నిశ్శబ్దంగా పంపివేయడం కూడా తొలగింపే.

మూడవది, శిక్షణ పనిగంటలలోనే, పూర్తి వేతనంతో జరగాలి. యాభై ఏళ్ళు దాటినవారికి తగిన వ్యవధి ఇవ్వాలి.

నాల్గవది, యంత్రం చెప్పినదన్న కారణంతో మాత్రమే ఏ కార్మికునిపైనా చర్య తీసుకొనరాదు. కారణం చెప్పగల, సమాధానం వినగల అధికారి ఒకరు సంతకం చేయాలి.

ఐదవది, అన్నింటికంటె ముఖ్యమైనది, ఆదా అయిన కాలాన్ని లెక్కకట్టి ఒప్పందంలో వ్రాయాలి. పని సగం కాలంలో ముగిసినప్పుడు మిగిలిన సగంలో కొంత పనిగంటల తగ్గింపుగా, కొంత కొత్త నియామకాలుగా, కొంత వేతనంగా కార్మికునికి చేరాలి.

ఈ ఐదవ కోర్కెను విని కొందరు నవ్వవచ్చును. ఎనిమిది గంటల పనిదినం కోరిననాడు కూడా నవ్వినవారున్నారు. ఆవిరి యంత్రం తానుగా ఎనిమిది గంటల పనిదినాన్ని ఇవ్వలేదు. ఆవిరి యంత్రం వద్ద నిలబడిన కార్మికులు సంఘటితులై తెచ్చుకున్నారు. కంప్యూటరు కూడా తానుగా ఏమీ ఇవ్వదు. వాల్వు పోయి ట్రాన్సిస్టరు వచ్చింది, ట్రాన్సిస్టరు పోయి చిప్పు వచ్చింది, రేపు మరొకటి వస్తుంది. తరం మారిన ప్రతిసారీ యాజమాన్యాలు ముందుగానే తమ లెక్క సిద్ధం చేసుకొని వచ్చాయి. ఈసారి మన లెక్క కూడా సిద్ధంగా ఉండాలి. ప్రతి శాఖా సంఘం తన కార్యాలయంలో గత పదేళ్ళలో ఎన్ని యంత్రాలు వచ్చాయి, ఎన్ని ఖాళీలు పూరించబడలేదు, ఎంతమంది కాంట్రాక్టు కార్మికులు చేరారు, పనిగంటలు పెరిగాయా తగ్గాయా అన్న నాలుగు విషయాలను సేకరించి సమాఖ్యకు పంపాలి. బేరానికి కూర్చునే బల్లమీద నినాదంతో పాటు ఈ లెక్క కూడా ఉండాలి.